జత కాని ర్యామ్ పలకలు

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతములను ముంచెత్తినది. కొన్ని వీధులలో నీరు రోజుల తరబడి నిలిచినది. నీట మునిగిన సామగ్రిలో కంప్యూటర్లు కూడ చాల ఉన్నవి. ఇట్టి యంత్రము మరమ్మతునకు వచ్చినపుడు పనివాడు మొదట చూచునది, దానిలో ఇంకను ఏ భాగము మిగిలియున్నదని. బురద చేరిన మదర్‌బోర్డు, పవర్ సప్లయి సాధారణముగా దక్కవు. కాని విద్యుత్తు లేని స్థితిలో మునిగినచో ర్యామ్ పలకలను శుభ్రము చేసి బాగుగా ఆరబెట్టిన పిదప అవి పనిచేయు అవకాశము కలదు. అట్లు దక్కిన పలకను వేరొక యంత్రములో ఖాళీగా నున్న స్లాటులో పెట్టుకొందమను ఆలోచన ఎవరికైనను కలుగును.

వరద రాకున్నను ఈ ఆలోచన కలుగు చోటు మరియొకటి కలదు. అది ఉన్నత పాఠశాలలోని కంప్యూటరు గది. 2008 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రములో వేలకొలది ఉన్నత పాఠశాలలకు ప్రభుత్వ పథకముల ద్వారా కంప్యూటర్లు వచ్చినవి. తరువాత వేర్వేరు సంవత్సరములలో, దాతల వలనను ఇతర పథకముల వలనను, వేర్వేరు తరముల యంత్రములు చేరినవి. నాలుగు చెడిన యంత్రముల నుండి మూడు నడుచు యంత్రములను చేయుట ఇచ్చట విజ్ఞానము, పొదుపు రెండును కలిసిన పని. 2025 చివరి మాసములలో ర్యామ్ ధరలు ప్రపంచమంతటను బాగుగా పెరుగుటచే ఈ పొదుపునకు విలువ హెచ్చినది.

ఒకదానికొకటి జత కాని రెండు పలకలను ఒకే యంత్రములో పెట్టవచ్చునా? దుకాణములలో ఈ ప్రశ్నకు రెండు సమాధానములు వినవచ్చును. ఒకే కంపెనీది కానిదే పెట్టరాదని ఒకరు, స్లాటులో దిగినదేదైనను పనిచేయునని మరియొకరు. రెండును సగము నిజములే. మిగిలిన సగము తెలియవలెనన్నచో పలకలోపల జరుగు పనిని కొంచెము చూడవలెను.

ర్యామ్ చిప్పులో ఒక్కొక్క బిట్టును, అనగా 0 లేక 1ని, నిలుపునది మిక్కిలి చిన్నదైన ఒక కెపాసిటరు. దానికి ద్వారము ఒక ట్రాన్సిస్టరు. డెల్టా రైతు పరిభాషలో చెప్పవలెనన్నచో కెపాసిటరు ఒక వరిమడి, ట్రాన్సిస్టరు దాని తూము. మడిలో నీరున్నచో 1, ఎండియున్నచో 0. ఇంత సులభమైన అమరికను 1966లో ఊహించినవాడు ఐ.బి.ఎం. సంస్థలోని రాబర్ట్ డెనార్డ్. 1968లో అతనికి దానిపై పేటెంటు లభించినది. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన 1103 అను చిప్పులో 1,024 మడులుండెను. నేడు సామాన్యమైన 8 గిగాబైట్ల పలకలో 6,871 కోట్లకు పైగా మడులున్నవి.

వరిమడిలో నీరు ఇంకిపోవునట్లే కెపాసిటరులోని విద్యుదావేశము కూడ కారిపోవుచుండును. పూర్తిగా ఇంకిపోకముందే దానిని చదివి తిరిగి నింపవలెను. పలకలోని ప్రతి వరుసకును 64 మిల్లీసెకనుల లోపల ఒకమారు ఈ తడి అందవలెనని ప్రమాణము. చిప్పు ఉష్ణోగ్రత 85 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో ఆవేశము మరింత త్వరగా కారును గనుక గడువు 32 మిల్లీసెకనులకు తగ్గును. వేసవిలో గాలి ఆడని గదిలో, ధూళి పేరుకొనిన పెట్టెలో నున్న యంత్రము శీతకాలములో చేయని తప్పులు చేయుటకు ఇదియు ఒక కారణము.

కనుక ర్యామ్ పలక అనగా సమాచారమును దాచు పెట్టె మాత్రమే కాదు. అది కాలమును గురించి చేసిన ఒక ఒడంబడిక. "అడిగిన ఇన్ని నానోసెకనులకు సమాధానమిత్తును, ఇంతకు ముందు అడుగరాదు, ఇన్ని మిల్లీసెకనులకొకమారు నన్ను తడుపవలెను, నాకు ఇన్ని వోల్టులు కావలెను" అని ప్రతి పలకయు చెప్పుకొనును. చెప్పుకొనును అనుట అలంకారము కాదు. పలకపై పెద్ద చిప్పులతోపాటు గింజంత చిన్న చిప్పు ఒకటి ఉండును. విద్యుత్తు పోయినను చెరగని ఆ చిప్పులో తయారీదారు ఈ వివరములన్నింటిని వ్రాసి ఉంచును. దీనికి ఎస్.పి.డి. అని పేరు. డి.డి.ఆర్.3 పలకలలో దాని పరిమాణము 256 బైట్లు, డి.డి.ఆర్.4లో 512 బైట్లు. మీట నొక్కగానే, తెరపై అక్షరమైనను కనబడకముందే, మదర్‌బోర్డులోని బయోస్ అను కార్యక్రమము ప్రతి స్లాటులోని పలకనుండియు ఈ వివరములను చదువును.

రెండు పలకల ఒడంబడికలు వేరైనపుడు బయోస్ చేయవలసినది ఏమి? ఇద్దరికిని ఒప్పుదలయైన షరతులను వెదకుట. ఒక పలక సెకనుకు 1,600 మిలియన్ల మార్లును, వేరొకటి 1,333 మిలియన్ల మార్లును సమాచారము నందింపగలిగినచో రెండును 1,333 వద్దనే నడుచును. ఎడ్లబండికి కట్టిన రెండెడ్లలో ఒకటి మందగమనమైనచో బండి దాని నడకనే నడచును గదా! వేగముగల పలకకు ఇందువలన హాని ఏమియు లేదు.

ఈ సందర్భమున విద్యార్థులు తరచుగా పొరబడు విషయము ఒకటి కలదు. పలకపై సి.ఎల్. 9, సి.ఎల్. 11 అని వ్రాసియుండును. అడిగిన పిదప మొదటి సమాధానము వచ్చుటకు ఎన్ని గడియారపు స్పందనములు పట్టునో ఈ అంకె తెలుపును. 11 పెద్దది గనుక ఆ పలక ఆలస్యము చేయునని తోచును. కాని స్పందనము పొడవు అన్నిటను ఒకటి కాదు. డి.డి.ఆర్. రకములలో ఒక స్పందనమునకు రెండుమార్లు సమాచారము కదలును. అందుచే 1,600 పలకకు గడియారము 800 మెగాహెర్‌ట్జ్, ఒక స్పందనము 1.25 నానోసెకనులు. దీనిని 11తో హెచ్చించినచో 13.75 నానోసెకనులు. 1,333 పలకకు ఒక స్పందనము 1.5 నానోసెకనులు, 9తో హెచ్చించినచో 13.5. రెండింటి ఆలస్యము ఇంచుమించు ఒక్కటే! మొదటి సమాధానము వచ్చు వేళలో భేదము లేదు. తరువాత వెల్లువగా వచ్చు సమాచారపు ధారలోనే భేదమున్నది. అంకెలనుబట్టి పలకలను అమ్మువారికి ఈ గుణకారము అంతగా రుచింపదు.

మాట్లాడుకొని సర్దుకొనుటకు వీలులేని భేదములు కూడ ఉన్నవి. వీటిలో మొదటిది తరము. డి.డి.ఆర్. ప్రమాణము 2000లో వెలువడినది. పిదప 2003లో రెండవ తరము, 2007లో మూడవది, 2012లో నాలుగవది, 2020లో ఐదవది. వీటికి కావలసిన వోల్టేజి వరుసగా 2.5, 1.8, 1.5, 1.2, 1.1 వోల్టులు. ఒక తరపు పలక వేరొక తరపు స్లాటులో పనిచేయదు. రెండవ, మూడవ తరముల పలకలకు సమానముగా 240 కాంటాక్టులే ఉండుట వలన కొందరు మోసపోవుదురు. నాలుగవ, ఐదవ తరములకు రెండింటికిని 288. అయితే పలక అడుగున నున్న కోత ప్రతి తరమునకును వేరుచోట ఉంచబడినది. పొరపాటున పెట్టబోయినవానిని ఆపుటకే ఆ కోత. పలక దిగనపుడు బలము ప్రయోగించుట కూడదు. కోత ఎక్కడనున్నదో చూడవలెను. ల్యాప్‌టాప్ పలకలు పొట్టివి, డెస్క్‌టాప్ స్లాటులో పట్టనే పట్టవు. సర్వరు యంత్రములకై చేసిన రిజిస్టర్డ్ పలకలు పొడవులో సరిపోవచ్చును గాని సామాన్య పలకలతో కలసి పనిచేయవు. పాత సర్వరుల నుండి తీసి చౌకగా అమ్మునవి ఎక్కువగా ఇట్టివే.

మూడవ తరములో మరియొక చిక్కు కలదు. డి.డి.ఆర్.3ఎల్ అను పలకలు 1.35 వోల్టులతో నడుచును, 1.5 వోల్టులను కూడ సహించును. మామూలు డి.డి.ఆర్.3 పలకకు 1.5 వోల్టులు తప్పనిసరి. కావున 1.5 వోల్టుల నిచ్చు మదర్‌బోర్డులో రెండును కలిసియుండగలవు; 1.35 మాత్రమే ఇచ్చు బోర్డులో మామూలు పలకను నమ్మరాదు.

ఇక కంపెనీ పేరు సంగతి. ర్యామ్ చిప్పులను పెద్దయెత్తున చేయు సంస్థలు ప్రపంచములో ప్రధానముగా మూడు: సామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్. పలకలపై కనబడు అనేక పేర్ల వెనుక చాలవరకు ఈ మూడింటి చిప్పులే యుండును. కావున పేరు వేరైనను లోపలి చిప్పులు ఒకటి కావచ్చును. పేరును అంకెలును ఒకటియైనను, ఏడాది ఎడముతో కొనిన రెండు పలకలలో చిప్పులు వేరు కావచ్చును. ఒకే పెట్టెలో జతగా అమ్మునవి మాత్రము కలిపి పరీక్షింపబడినవి. "ఒకే కంపెనీ" అను సలహాలోని సత్యము ఇంతవరకే.

కొలత వేరైన పలకల విషయము ఇంతకంటె ఆసక్తికరమైనది. నేటి డెస్క్‌టాపులలో ప్రాసెసరునుండి ర్యామ్ వైపు సాధారణముగా రెండు దారులుండును. ఇంజనీరులు వీటిని ఛానెళ్లందురు. ఛానెలనగా తెలుగున కాలువయే గదా! 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజివద్ద నిలచి చూచినవారికి ఈ అమరిక వెంటనే తెలియును. బ్యారేజికి ఇరుప్రక్కల హెడ్ రెగ్యులేటరులున్నవి. తూర్పున విడిచిన నీరు బందరు, ఏలూరు, రైవస్ కాలువలకును, పడమటను విడిచినది అవతలి డెల్టాకును పోవును. రెండు ప్రక్కల తలుపులు ఒకేసారి ఎత్తినచో నదినుండి పొలములకు చేరు నీరు ఒక ప్రక్క మాత్రమే ఎత్తినప్పటికంటె ఎక్కువ. కంప్యూటరులోను అంతే. ఒక్కొక్క ఛానెలు ఒక్కమారు 64 బిట్లను మోయును. 1,600 పలక ఒక్కటే యున్నచో సెకనుకు 12.8 గిగాబైట్లు, రెండు ఛానెళ్లలో చెరియొకటి ఉంచినచో 25.6 గిగాబైట్లు. ఇది సిద్ధాంతరీత్యా గరిష్ఠము. మామూలు పనులలో ఇంత లాభము కనబడదు.

రెండు పలకలను ఒకే ఛానెలుకు చెందిన స్లాటులలో పెట్టుట పాఠశాలలలో తరచుగా జరుగు పొరపాటు. అనగా రెండు తూములను ఒకే కాలువపై కట్టి రెండవ కాలువను ఎండబెట్టుట. చాల బోర్డులలో జత స్లాటులకు ఒకే రంగు ఉండును. సందేహమున్నచో మదర్‌బోర్డు వెంట వచ్చిన పుస్తకమును చూడవలెను.

ఒక ఛానెలులో 4 గిగాబైట్ల పలకయు, రెండవదానిలో 8 గిగాబైట్ల పలకయు ఉన్నచో ఏమగును? పాత బోర్డులు కొన్ని రెండు ఛానెళ్ల పద్ధతినే మానుకొని ఒకదాని తరువాత ఒకటిగా వాడుకొనెడివి. తరువాతి బోర్డులలో చాలభాగము తెలివిగా పంచుకొనును. 8లోని 4ను, రెండవ పలకలోని 4తో జతపరచి, ఈ 8 గిగాబైట్లను రెండు ఛానెళ్లతో నడుపును. మిగిలిన 4 గిగాబైట్లు ఒకే ఛానెలుపై నడుచును. శివారు భూములకు నీరు మెల్లగా అందినను అందుట మానదు.

అందుచే 4, 4 జతగానున్న యంత్రము మేలా, 4, 8 కలిసిన యంత్రము మేలా అను ప్రశ్నకు సమాధానము చేయు పనినిబట్టి యుండును. ర్యామ్ చాలనపుడు కంప్యూటరు కొంత సమాచారమును హార్డ్ డిస్కుపైకి నెట్టి, కావలసినపుడు వెనుకకు తెచ్చుకొనును. ర్యామ్‌లో ఒక మాటను వెదకుటకు సుమారు 100 నానోసెకనులు పట్టినచో, తిరుగు పళ్లెముల హార్డ్ డిస్కుపై దానిని వెదకుటకు సుమారు 10 మిల్లీసెకనులు పట్టును. అనగా లక్షరెట్లు. ఈ లక్షరెట్ల ముందు ఛానెళ్ల వలన కలుగు భేదము, సి.ఎల్. అంకెల భేదము లెక్కకు రావు. యంత్రము ర్యామ్ చాలక కుంటుచున్నచో, జత కాని పలకయైనను చేర్చుటయే మేలు. ర్యామ్ ఇదివరకే చాలినంత ఉన్నచో చేర్చుట వలన లాభము లేదు, ప్రమాదము మాత్రము కొంత కలదు. పాత 32 బిట్ల ఆపరేటింగ్ సిస్టమున్న యంత్రములో ఈ ప్రశ్నయే లేదు: 32 బిట్ల చిరునామాలతో చేరగలిగినది 4 గిగాబైట్లకే గనుక, సామాన్యముగా అంతకుమించి పెట్టినది వృథా.

ప్రమాదమనగా నేమి? యంత్రము అసలు వెలగకపోవుట ప్రమాదము కాదు. పలకను వెనుకకు తీసినచో అది మామూలుగా వెలుగును. వెలిగి, బాగుగా నడచుచున్నట్లు కనబడుచు, ఎప్పుడో ఒకప్పుడు ఒక బిట్టును తప్పుగా చదువుట నిజమైన ప్రమాదము. ఒక విద్యార్థికి గణితములో 70 మార్కులు వచ్చినవనుకొందము. యంత్రము దీనిని రెండంకెల పద్ధతిలో 1000110 అని దాచును. అనగా 64, 4, 2ల మొత్తము. ఎడమచివరనున్న 1 ఒకటి 0గా మారినచో మిగిలినది 4, 2. ఆ విద్యార్థి మార్కులు 6. 35 వచ్చినగాని ఉత్తీర్ణత లేని పరీక్షలో ఇది సామాన్యమైన పొరపాటు కాదు. యంత్రము ఏ హెచ్చరికయు చేయదు; తప్పిన అంకె హార్డ్ డిస్కుపైకి చేరును, ప్రింటుకు పోవును. తప్పు మడి ఒక్కటే, పంట నష్టము వేరొకరిది.

దీనిని కనుగొను పద్ధతి లేకపోలేదు. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన సంకేత పద్ధతిపై ఆధారపడి సర్వరులలో 64 బిట్లకు మరి 8 బిట్లు కాపలాగా చేర్చి, ఒక బిట్టు తప్పినచో దిద్దుకొందురు. సామాన్య డెస్క్‌టాపునకు ఈ కాపలా లేదు. కనుక పరీక్ష మనుష్యుడే చేయవలెను.

పరీక్షకు ఖర్చు లేదు. 1994లో క్రిస్ బ్రేడీ వ్రాసిన మెమ్‌టెస్ట్86, దానినుండి పుట్టిన మెమ్‌టెస్ట్86+ అను కార్యక్రమములు ఇందులకే ఉన్నవి. రెండవది ఉచితము. దీనిని పెన్‌డ్రైవుపై ఎక్కించి, ఆపరేటింగ్ సిస్టముకు బదులు దానితోనే యంత్రమును ప్రారంభింపవలెను. అది ర్యామ్‌లోని ప్రతి మడిలోను కొన్ని నమూనాలు వ్రాసి, మరల చదివి, సరిచూచును. అన్నియు 1లు, అన్నియు 0లు, ఒకటి విడిచి ఒకటి, ప్రక్కమడిని నింపినపుడు ఈ మడి చలించునా అని, ఇట్లనేక విధములుగా పరీక్షించును. దీనికి గంటలు పట్టును. సాయంకాలము ప్రారంభించి రాత్రియంతయు వదలుట మేలు. మధ్యలో కరెంటు పోయినను నష్టము లేదు, అది హార్డ్ డిస్కును ముట్టదు. మరునాడు తిరిగి మొదలుపెట్టవలసి యుండును, అంతే.

ఒక్క తప్పు కనబడినను తప్పే. కోట్లలో ఒకటే గదా అని ఊరకొనరాదు. కాని ఆ తప్పు ఎవరిదో తేల్చుటకు, ప్రయోగశాలలో వలెనే, ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. మొదట పాత పలకను ఒంటరిగా పరీక్షించి, పిదప క్రొత్తగా చేర్చదలచినదానిని అదే స్లాటులో ఒంటరిగా పరీక్షించి, చివరకు రెండింటిని కలిపి పరీక్షింపవలెను. ఒంటరిగా తప్పు చేసిన పలకను వేరొక స్లాటులో పెట్టి చూచిన గాని దోషము పలకదో స్లాటుదో తేలదు. పలకను బయటికి తీసినపుడు కాంటాక్టులను కూడ చూడవలెను. సముద్రపు గాలి సోకు ఊళ్లలో, తేమ నిలుచు గదులలో, వాటిపై సన్నని పొర చేరును. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచినంతనే చాల "చెడిన" పలకలు బాగగును. పెన్సిలు రబ్బరుతో రుద్దుట అలవాటుగా నున్నది గాని, గట్టిగా రుద్దినచో బంగారుపూత అరిగిపోవును. ఈ పనులన్నింటికి ముందు తీగను ప్లగ్గునుండి ఊడదీసి, పెట్టె లోహభాగమును ఒకమారు తాకవలెను. దేహముపైనున్న స్థిరవిద్యుత్తు చిప్పునకు తగులకుండునట్లు ఇది చిన్న జాగ్రత్త.

ఒంటరిగా రెండును నిర్దోషములై, కలిపినపుడు మాత్రమే తప్పులు వచ్చినచో ఎవరిదియు దోషము కాదు, ఒడంబడిక కుదరలేదు. అప్పుడు బయోస్‌లోనికి పోయి వేగమును ఒక మెట్టు తగ్గించి మరల పరీక్షింపవలెను. తయారీదారు ప్రమాణమునకు మించి నడుపుటకు వ్రాసిన ప్రత్యేక పట్టిక, ఎక్స్.ఎం.పి. అనునది, వాడుకలో ఉన్నచో మొదట దానిని ఆపివేయవలెను. కలయికలు చెడుటకు అదియే తరచుగా కారణము. ఐనను కుదరనిచో రెండు పలకలను రెండు యంత్రములలో వేరువేరుగా వాడుకొనవచ్చును.

ఒంటరిగా ఏ స్లాటులోను నిలువని పలక మాత్రము చెడినదే. దానిని బల్ల సొరుగులో వేసినచో మంచి పలకలలో కలసిపోవును. చూపునకు రెండింటికిని భేదము లేదు. మరుసటి సంవత్సరము క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు దానినే తీసి మరియొక యంత్రములో పెట్టవచ్చును. కనుక అప్పటికప్పుడే దానిపై చెరగని సిరాతో "చెడినది" అని, తేదీ వేసి వ్రాయవలెను. దానిని చెత్తలో పారవేయక ఇ-వ్యర్థములు సేకరించువారికి అప్పగింపవలెను. అంతవరకు తరగతిలో చూపుటకు పనికివచ్చును. భూతద్దముతో చూచి, కోత ఎక్కడనున్నదో కొలిచి అది ఏ తరపుదో విద్యార్థులు చెప్పవచ్చును, గింజంత ఎస్.పి.డి. చిప్పును వెదకవచ్చును, పెద్ద చిప్పులను లెక్కింపవచ్చును. ఒక్కొక్క చిప్పు 8 బిట్లు మోసినచో 64 బిట్లకు 8 చిప్పులు చాలును. తొమ్మిదవది కనబడినచో ఆ పలక కాపలాగల సర్వరు జాతిది.